తోక లేని చిలకలు

"నిజం చెప్పు మే. అవి చిలకలా, వంకాయలా?"

"చిలకలే అత్తా."

"వంకాయలే," అని మా అత్త గోడవైపు తిరిగి పడుకుంది. నేను గంజి వెచ్చబెట్టి తెచ్చేసరికి ప్రాణం పోయింది.

మేమిద్దరం చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. పోయేముందు ఎవరైనా పిల్లల్ని చూసుకోమంటారు, పూజగదిలో దీపం ఆరనీయవద్దంటారు. మా అత్త వంకాయల దగ్గర పోయింది. నేను నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను, నవ్వు ఆగక. పక్కింటి ఆడవాళ్ళు పాపం దుఃఖం గొంతుకు అడ్డం పడిందనుకుని నా వీపు నిమిరారు. నిమిరేకొద్దీ నవ్వు ఎక్కువైంది. ఏడుపు తర్వాత వచ్చింది, అది వేరే సంగతి.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది మా చిన్నాయన మనవరాలు. వేలూరులో పంతులమ్మ, సెలవులకు గుడియాత్తం వచ్చి నా దగ్గర ఉంది. నాకు చదువు లేదు. మా నాయన గుడ్డ మీద సుద్దముక్కతో గీసే అంకెలు తెలుసు, నాలుగు అక్షరాలు కూడబలుక్కోగలను, అంతే. నోరు మాత్రం దేవుడు పెద్దదే ఇచ్చాడు. దానికి చెప్పాను, నా మాటల్ని నువ్వు చక్కబెట్టుకో, సంగతి మాత్రం మార్చవద్దని.

మా వంశంలో అందరిదీ నేతపని. మా నాయన ఒక్కడే చిన్నతనంలో మగ్గం గుంటలోంచి లేచి వేలూరు పోయి, బజారు వీధిలో కుట్టు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు. నేను ఆ మిషను కిందే పెరిగాను. పైన మిషను గడగడలాడుతుంటే కింద నా నెత్తిమీద ముక్కలు రాలుతుండేవి. చంక దగ్గర కోసినవి నెలవంకల్లా ఉండేవి, మెడ దగ్గర కోసినవి గుండ్రంగా అప్పచ్చుల్లా ఉండేవి. ఆస్పత్రి దొరసాని గౌను ముక్క, బ్యాండు మేళం వాళ్ళ ఎర్రకోటు ముక్క, ఎవరో జమీందారు గారి అంగీకి లోపల వేసిన ఊదారంగు శాటిన్ ముక్క. పిల్లలు గవ్వలు ఏరుకున్నట్టు నేను వాటిని ఏరుకునేదాన్ని. వాటితో విసనకర్రకు కుచ్చులు కుట్టేదాన్ని, అద్దానికి ముసుగు కుట్టేదాన్ని, గుమ్మానికి జెండాలు కుట్టి కట్టేదాన్ని. మా ఇల్లు ఒక్క గదే అయినా లోపలికి వచ్చినవాళ్ళు తిరునాళ్ళకు వచ్చినట్టు నాలుగు పక్కలా చూసేవాళ్ళు.

పెళ్ళయి గుడియాత్తం వచ్చేటప్పుడు మా నాయన పెట్టెలో రెండు చీరలు పెట్టాడు. ముక్కలన్నీ నేను ఒక దిండు గలీబులో కుక్కుకుని తెచ్చుకున్నాను. కాట్పాడిలో రైలెక్కిన దగ్గర్నుంచి దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

మా అత్త ఆ మూట విప్పి చూసి చేతులు రెండూ వెనక్కి లాక్కుంది, లోపల తేలు ఉన్నట్టు.

"నేసేటోళ్ళ ఇంట్లోకి కోసిన గుడ్డ తెచ్చినావా మే? మీ నాయన నేసే కులంలో పుట్టి కోసేటోడు అయినాడు. ఆ పాపం మూటగట్టి మా ఇంటికి పంపినాడా?"

ఆ ఇంటి నియమం నాకు అప్పుడే తెలిసింది. మగ్గం మీద పడుగు ఉన్నంతకాలం ఇంట్లో కత్తెర నోరు తెరవకూడదు. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టే దారాలు. కత్తెర చప్పుడు వింటే ఆ దారాలు బెదిరి తెగిపోతాయని మా అత్త నమ్మకం. సరే, పడుగు అయిపోయి మగ్గం ఖాళీ అయిన రోజు చూసుకుందాంలే అనుకున్నాను. అది ఎంత తెలివితక్కువ ఆలోచనో తర్వాత తెలిసింది. నేతవాళ్ళ మగ్గం ఖాళీ కాదు. పాత పడుగు చివర కొద్దిగా ఉండగానే, కొత్త పడుగు దారాలను ఆ కొసలకు ఒక్కొక్కటే బూడిద అద్దుకుని పురి తిప్పి అతుకుతారు. మా అత్త కాపురానికి వచ్చినప్పుడు ఉన్న పడుగు తోక పట్టుకునే ఇప్పటి పడుగు వచ్చిందన్నమాట. ఇక కత్తెరకు రోజు ఎక్కడిది?

ఆ ఏడే మా ఆడబిడ్డకు పెళ్ళి కుదిరింది. పేర్ణాంబట్టు సంబంధం. పెళ్ళి మా ఇంటి ముందరే, వీధిలో పందిరి వేసి. మా అత్త ఒకరోజు అన్నం పెడుతూ ఆ మాటా ఈ మాటా చెప్పి, పెళ్ళికి మీ నాయన వస్తాడు గదా, పోయేటప్పుడు ఆ మూట ఆయన బండిలో ఎక్కించు అంది. నేను ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ మూట ఒక్కటే. చీరలు అందరికీ ఉంటాయి. ఆ ముక్కల్ని పగలు ఒకసారి చేత్తో తిరగేస్తే, మా నాయన మిషను కింద కూర్చున్నట్టే ఉండేది నాకు.

కాళ్ళు పట్టుకోలేదు గానీ బతిమాలాను. పెళ్ళికి గుమ్మం తోరణం నేను గుడ్డతో కుడతాను, కత్తెర ముట్టుకోను, చూసి చెప్పు అన్నాను. మా అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, పందెం కట్టినట్టు చెప్పింది.

"వచ్చినోళ్ళు మెచ్చుకుంటే మూట ఈడ ఉంటాది. నవ్వితే మీ నాయనతో బండెక్కుతాది. శరియా?"

సరేనన్నాను.

చిలకల తోరణం కుట్టాలని నా ఆశ. పచ్చని చిలకలు వరసగా గుమ్మానికి వేలాడుతుంటే ఎట్లా ఉంటుంది. మూట గుమ్మరిస్తే పచ్చముక్కలు పిడికెడు కూడా లేవు. ఉన్నదంతా ఊదారంగు శాటినే. జమీందారు గారు బాగా లావాటి మనిషి కాబోలు. పోనీ, ఒళ్ళు ఊదారంగు పెట్టి తలకు పచ్చ పెడదాం, ఎక్కడో ఏదో దేశంలో అట్లాంటి చిలకలు ఉండకపోవా అనుకున్నాను.

కత్తెర లేకుండా కుట్టడమంటే మడతపెట్టి కుట్టడమే. ముక్క ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారాన్నే ఒప్పించుకోవాలి. నెలవంక ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి, అంచులు లోపలికి మడిచి, కుట్టు పైకి కనబడకుండా చుట్టూ కుట్టి, ఒకచోట సందు వదిలి, మగ్గం కింద రాలిన దారం తుంపులు కూరేదాన్ని. మడత లోపలికి పోయేకొద్దీ ఒళ్ళు పొట్టి అయ్యేది, తుంపులు కూరేకొద్దీ పొట్ట లావయ్యేది. తోక రావాలంటే గుడ్డను మొనదేలేట్టు కోయాలి. కోయకూడదు, కాబట్టి తోక లేదు. తలకు పచ్చముక్క కట్టి, ఎర్రకోటు ముక్కను మడిచి ముక్కు పెట్టాను. ఆ ముక్కు లోపలికి ముడుచుకుని పచ్చముక్క కింద దాక్కుంది. కంటికి నల్లదారం ముడి వేశాను. తల మీద దారం కట్టి వేలాడదీశాను.

ఒకటి కుట్టి మగ్గం దగ్గర పెట్టాను, మా ఇంటాయనకు కనబడేట్టు. పగలు పెద్దవాళ్ళ ముందు మేము మాట్లాడుకునేది లేదు. ఆయన అడ్డదారం చుట్టిన నాడె ఇటునుంచి అటు విసురుతూ, చూపు పడుగు మీద నుంచి తిప్పకుండా అన్నాడు.

"బాగుండాది. కూర ఎప్పుడు చేస్తావు?"

"అది చిలక."

"శరి. మరి ఆ పురుగు బొక్క ఏంది?"

"అది కన్ను."

ఆయన ఇంక నేయలేకపోయాడు. గుంటలో కాళ్ళు ఆడటం లేదు, భుజాలు మాత్రం ఆడుతున్నాయి. మా అత్త లోపలినుంచి, మగ్గం ఎందుకు ఆగింది అని అరిచింది. నాకు కోపం వచ్చి మూడు రోజులు ఆయన మజ్జిగలో ఉప్పు వేయలేదు.

కానీ ఒకసారి ఆ మాట వినబడ్డాక నా కంటికి కూడా చిలకలు కనబడటం మానేశాయి. ఊదారంగు నిగనిగలాడే పొట్ట, పైన పచ్చటి తొడిమ. ఎటు తిప్పి చూసినా సంతలో బుట్ట మీద పెట్టిన వంకాయలే. కుట్టినవన్నీ విప్పుదామంటే రోజులు లేవు. చిలకలే, చిలకలే అని జపం చేసుకుంటూ కుడుతూ పోయాను.

పెళ్ళి రోజు తెల్లవారి గుమ్మానికి కట్టాను. మా అత్త కొత్త చీర కట్టుకుని బయటికి వచ్చి, తలెత్తి చూసి, నిలబడిపోయింది. ఏంది ఇవి అనలేదు. ఎవరూ చూడకముందే పీకి పారెయ్యి అంది. నేను స్టూలు తెచ్చుకోవడానికి లోపలికి పోయాను. అంతలోనే వీధి మొదట్లో మేళం వినబడింది. పేర్ణాంబట్టు వాళ్ళ బండ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి.

మొదట దిగింది పెళ్ళికొడుకు పెద్దత్త. పెద్ద ముత్తైదువ, ముక్కుకు రెండు పక్కలా బేసరులు, పేర్ణాంబట్టులో ఆమె మాట దాటే పెళ్ళి ఉండదని అప్పటికే చెప్పి ఉన్నారు. గడప ముందు నిలబడి తలెత్తి చూసింది. వెనక ఉన్న ఆడవాళ్ళంతా తలలెత్తారు.

"వంకాయలు కట్టినారేంది వదినా?" అని ఆమె మా అత్తను అడిగి నవ్వింది. ఆమె నవ్వితే వెనకవాళ్ళంతా నవ్వారు. పందిట్లో మేళగాడు కూడా సన్నాయి నోట్లోంచి తీసి నవ్వాడు.

నేను స్టూలు పట్టుకుని తలుపు చాటున ఉన్నాను. అయిపోయింది, మూట పోయింది అనుకున్నాను.

మా అత్త ముఖం నాకు పక్కనుంచి కనబడుతోంది. మా కోడలు చిలకలు కుట్టబోయింది అని చెబితే సరిపోయేది. ఆమె ఎవరి ముందూ తగ్గే మనిషి కాదు. కొత్త వియ్యాలవారి ముందు అసలే తగ్గదు. గొంతు సవరించుకుంది.

"మా ఇంటి ఆచారం వదినా," అంది.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆచారమంటే ఎవరు నవ్వుతారు. పెద్దత్త పైట సర్దుకుని, ఏం ఆచారమో చెప్పమని మర్యాదగా అడిగింది. అక్కడ మా అత్తకు ఊపిరి తీసుకునేంత వ్యవధి దొరికింది, అంతే.

"వంగచెట్టు మాదిరి వంశం కాయల్ల అని. పెండ్లికొడుకు పక్క ఆడోళ్ళు ఒక్కొక్కరూ ఒకటి తుంచుకుని ఒళ్ళో వేసుకోవల్ల. అది లేకుండా గడప దాటేది లేదు. మా అత్త, వాళ్ళ అత్త, అందరూ అట్లానే చేసినారు."

నాకు స్టూలు చేతిలోంచి జారింది. మా మామ అరుగు మీద నోరు తెరిచి చూస్తున్నాడు. ఆయన అమ్మ గురించే చెబుతున్నదని ఆయనకు తెలుసు, ఆమె గుమ్మానికి మామిడాకులు తప్ప ఏమీ కట్టలేదనీ తెలుసు. పాపం, నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో కాపురం చేసినవాడు గదా.

పెద్దత్త చాలా భక్తిగా చెయ్యి పైకెత్తి ఒకటి తుంచి, కళ్ళకద్దుకుని, ఒళ్ళో వేసుకుని గడప దాటింది. వెనక ఆడవాళ్ళంతా వరస కట్టారు. ఒకామె లావుది కావాలంది. ఒకామె తన కూతురికి సంతానం లేదని రెండు అడిగింది. మా అత్త చెయ్యి చూపిస్తూ తుంచండి, తుంచండి అంటోంది. దారాలు తెగుతున్న చప్పుడు నాకు ముత్యాలు రాలినట్టుంది. నా చిలకలు ఒక్కొక్కటే కొత్త చీరల ఒళ్ళలో కూర్చుని లోపలికి పోతున్నాయి. నాకు నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు.

అందరి కంటే చివర పెళ్ళికొడుకు సొంత అక్క వచ్చింది. బండిలో సామాన్లు దింపించి వచ్చేసరికి ఆలస్యమైంది ఆమెకు. గుమ్మం పైకి చూసింది. తాడు ఒక్కటే ఉంది.

"నాకు లేదా?" అంది. "ఊర్లో ఆడోళ్ళందరికీ ఉండాది. తోడబుట్టినదానికి లేదు."

మా అత్త, ఫరవాలేదు లోపలికి రా తల్లీ అంది. ఆమె రాలేదు. గడప దాటేది లేదని మీరే గదా చెప్పినారు అంది. అని, అరుగు మీద మా మామ పక్కన కూర్చుంది. పెళ్ళికొడుకు అక్క కూర్చుంటే పెళ్ళికొడుకు ఎట్లా లోపలికి వస్తాడు? అతనూ బండి దగ్గరే ఆగాడు. మేళం ఆగింది. వంటవాళ్ళు గరిటెలతో బయటికి వచ్చి చూస్తున్నారు.

మా అత్త లోపలికి వచ్చి నా రెక్క పట్టుకుని వంటింటి మూలకు లాక్కుపోయింది.

"ఇంకొకటి కుట్టు. బిరీన."

మూట తెచ్చి చూపించాను. నెలవంక ముక్కలన్నీ అయిపోయాయి. ఊదారంగులో మిగిలింది ఒకే ఒక్క పెద్ద ముక్క, అంగీ చెయ్యి భాగం మొత్తం అట్లాగే ఉంది.

"దీన్ని కోయకుండా కుడితే గుమ్మడికాయ అవుతాది అత్తా."

"చించు."

అనేసి తనే నాలుక కరుచుకుంది. పెళ్ళింట్లో కొత్త గుడ్డ చించే మాట. గుడ్డ చించేది శవం దగ్గర గదా. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బయట పెళ్ళికొడుకు అక్క గట్టిగా నిట్టూర్చడం వంటింట్లోకి వినబడింది.

"కత్తెర యాడుండాది?" అంది మా అత్త, గోడతో చెప్పినట్టు.

"మా నాయన నడుములో."

మా నాయన ఎక్కడికి పోయినా కత్తెరను తోలు ఒరలో పెట్టి నడుముకు కట్టుకునే పోయేవాడు. పందిట్లో ఒక మూల గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కోసేవాడని మా అత్త ఆ పొద్దు దాకా ఆయన్ని దాహం కావాలా అని కూడా అడగలేదు. అట్లాంటిది తిన్నగా ఆయన దగ్గరికి పోయి నిలబడింది.

"అన్నా, నీ కత్తెర ఒక్క గడియ ఇయ్యి."

మా నాయన రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. "ఈడ నేనేమీ కొయ్యలేదమ్మా," అన్నాడు. "ఊరికే కూచోనుండాను."

ఆయన భయపడ్డాడు, లాక్కుని బావిలో వేస్తుందని. నేను వెనకనుంచి సైగ చేస్తే అప్పుడు ఒర విప్పాడు. మా అత్త దాన్ని కొంగు కింద పెట్టుకుని, నిప్పుకణిక తెచ్చినట్టు తెచ్చింది. తెచ్చి మగ్గం వైపు చూసింది. సగం నేసిన కైలీ, అదే గళ్ళ లుంగీ, దాని మీద అట్లాగే ఉంది. పడుగు దారాలన్నీ చెవులు రిక్కించి ఉన్నట్టే ఉంది నాకు కూడా. మా అత్త కొడుకును పిలిచింది.

"గుంటలో దిగి నెయ్యి."

ఆయన పట్టుపంచెలో ఉన్నాడు, నుదుట గంధం. "ఇప్పుడా?" అన్నాడు.

"పంచె ఎగ్గట్టుకో. అది కోసే చప్పుడు మగ్గానికి వినపడకూడదు. గట్టిగా నెయ్యి."

ఆయన దిగాడు. దడ దడ, దడ దడ, ఇల్లు అదిరేట్టు వేశాడు. ఆ చప్పుడు మధ్య నేను కత్తెర తీసి గుడ్డ మీద పెట్టాను. ఎన్ని నెలల తర్వాత ఆ చల్లదనం నా వేళ్ళకు తగిలిందో. మా నాయన కత్తెర వెన్న కోసినట్టు కోస్తుంది. అప్పుడు నాకు ఒక బుద్ధి పుట్టింది. కత్తెర చేతిలో ఉంది, ఊదారంగు ముక్క పెద్దది ఉంది. ఇప్పుడైతే తోక పెట్టగలను. రెక్క కోయగలను. అసలైన చిలకను, ఎగిరిపోతుందేమో అనిపించే చిలకను, అప్పటికప్పుడు చేయగలను. కానీ బయట అరుగు మీద ఒకామె వంకాయ కోసం కూర్చుని ఉంది. చిలకను తీసుకుపోతే, అందరికీ వంకాయ ఇచ్చి నాకు ఇదేంది అంటుంది.

పళ్ళు కొరుక్కుని వంకాయే కోశాను. చక్కగా, గుండ్రంగా, తొడిమకు ముళ్ళు వచ్చేట్టు పచ్చముక్కను గాట్లు పెట్టి మరీ కోశాను. నా బతుకులో నేను వంకాయ అనుకుని కుట్టిన మొదటి వంకాయ అది. మగ్గం దడదడకు సూది తనంతట తనే పరుగెత్తింది. మా ఇంటాయన నావైపు చూస్తూ నేస్తున్నాడు, నవ్వు ఆపుకోలేక. ఆ జానెడు మేర కైలీలో గళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయని తర్వాత చూసుకున్నాం.

అవతల గదిలోంచి పెద్దత్త, ఆ చప్పుడేమిటని అడిగింది. మా అత్త అప్పటికి బాగా ఆరితేరింది.

"అదీ ఆచారమే వదినా. కడపటి కాయ తుంచేదాకా పెండ్లికూతురి అన్న మగ్గం ఆపకూడదు."

"మా పక్క పసుపు దంచుతారు," అంది పెద్దత్త, అర్థమైనట్టు తల ఊపుతూ.

వంకాయను తాడుకు కట్టాం. పెళ్ళికొడుకు అక్క లేచి, తుంచి, తిప్పి చూసుకుని, అందరి వంకాయల కంటే తనదే బాగుందని ఒళ్ళో వేసుకుని గడప దాటింది. మేళం మొదలైంది. పెళ్ళి జరిగింది. ఆ రోజు భోజనాలు వడ్డిస్తూ నేను ఎవరి ముఖమూ తిన్నగా చూడలేదు, చూస్తే ఎక్కడ పగలబడి నవ్వుతానో అని. విస్తట్లో వంకాయ కూర వేసేటప్పుడు మరీ కష్టమైంది.

మర్నాడు పొద్దున మా నాయన స్టేషనుకు జట్కా పిలిపించుకున్నాడు. మా అత్త నన్ను పిలిచి, పందెం నీకు గుర్తుండాది గదా అంది. అందరూ మెచ్చుకున్నారు గదా అత్తా అన్నాను.

"ముందు నవ్వినారు. తర్వాత మెచ్చుకునింది ఆచారాన్ని. నీ కుట్టుని కాదు."

ఆ మాటా న్యాయమే గదా. మూట తెచ్చి మా నాయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర ఆ ఖాళీ తాడు వైపు చూస్తూ నిలబడ్డాను. అది ఊగుతూ ఉంది, నాకు కళ్ళు మసకలయ్యాయి.

పేర్ణాంబట్టు వాళ్ళ బండ్లు కూడా అప్పుడే కడుతున్నారు. పెద్దత్త మా ఆడబిడ్డను బండి ఎక్కించి, మా అత్త దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది. మీ ఆచారం మాకు బాగా నచ్చింది, పిల్ల మా ఇంటికి వచ్చింది కాబట్టి ఆచారం కూడా వచ్చినట్టే, వచ్చే నెలలో మా చిన్నవాడి పెళ్ళి ఉంది, ఆ కాయలు మీ ఇంటినుంచే రావాలి, మేము కుడితే తప్పు జరగవచ్చు అని చెప్పింది. ఎవరు కుడతారని అడిగింది.

మా అత్త ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత జట్కాలో కాలు పెట్టబోతున్న మా నాయన దగ్గరికి గబగబా నడిచిపోయి, ఆయన నెత్తిమీద మూట రెండు చేతులతో దింపుకుంది.

"మా కోడలు కుడతాది," అంది. "ఇది ఆ పనికి ఉండే మూటే. అన్న దాన్ని ఊరికే ఎత్తి చూస్తా ఉండాడు, ఎంత బరువుండాదో అని."

మా నాయన, "అవునమ్మా, బరువు చూస్తా ఉండాను," అన్నాడు. ఆయన నోట్లోంచి నేను విన్న అబద్ధం అదొక్కటే.

బండ్లు పోయాక మా అత్త మా నాయనకు మజ్జిగ ఇచ్చింది. ఇస్తూ, ఈసారి వచ్చేటప్పుడు ఊదారంగు ఎక్కువ తెమ్మంది. ఆయన నడుము తడుముకుని, కత్తెర అమ్మా, కత్తెర నీ దగ్గరే ఉండిపోయింది అన్నాడు. మా అత్త మగ్గం వైపు చూసింది.

"ఉండనీ. మగ్గం ఆడతా ఉన్నంతసేపు కోసుకోనీ. అది ఆగితే ఇదీ ఆగల్ల."

అప్పటినుంచి అట్లాగే కోశాను. ఆయన నేస్తుంటే నేను కోసేదాన్ని. ఆయన నీళ్ళు తాగడానికి ఆగితే నా కత్తెర గుడ్డ మీద సగంలో నోరు తెరుచుకుని కూర్చునేది. కావాలనే ఆగేవాడు, దొంగ. నేను చూడగానే ఒక్క నాడె వేసి మళ్ళీ ఆగేవాడు. ఆయన పోయాక కొన్నాళ్ళు మగ్గం ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు మా కొడుకు కూర్చుంటున్నాడు. వాడు ఆగడు, వాడికి ఈ ఆటలు తెలియవు. వాడు నేస్తూ పోతాడు, నేను కోస్తూ పోతాను.

బొట్టు తీసినదాన్ని, పెళ్ళికి ఎదురు రాకూడదంటారు. నేను రాను. పెరట్లో కూర్చుంటాను. నా వంకాయలు మాత్రం ఎదురు రావాలి అందరికీ. అవి లేకుండా మా వీధిలో పెళ్ళికొడుకు గడప దాటడు, పేర్ణాంబట్టులో దాటడు, అటు అణైకట్ ఊరి దాకా దాటడంలేదట ఇప్పుడు. మొన్న అక్కడినుంచి వచ్చిన ఒక ముసలామె నా పక్కన కూర్చుని, నేను కుట్టేది కాసేపు చూసి, నాకే చెప్పింది. "ఎప్పుడూ తోక మాదిరి ఏమీ రానీయొద్దమ్మా, అపచారం. మా పెద్దోళ్ళు చెప్పినారు." సరేనమ్మా అన్నాను. లోపలికి పోయి బియ్యం కుండ మూత తీసి, తల అందులో పెట్టి నవ్వాను.

అదీ సంగతి. ఇదంతా మా అత్త ఉన్నప్పుడు చెబితే నా తోలు ఒలిచేది. ఇప్పుడు చెబుతున్నాను. ఆమె ఆ పొద్దు ఆ గడప ముందు గొంతు సవరించుకోకపోతే, ఆ మూట వేలూరు పోయేది, నేను ఈ ఇంట్లో పొయ్యి ఊదుకుంటూ ఉండేదాన్ని. నన్ను నిలబెట్టింది ఆమె గొప్పలే.

ఏం పాపా, రాశావా? నవ్వుతూ రాస్తే అక్షరాలు వంకర పోతాయి, జాగ్రత్త. ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు. మా అత్త ఆచారమని చెప్పేచోట మాత్రం నిదానంగా చదువు, నాకు ఆమె గొంతు వినబడాలి.